భోజనం గంట తర్వాత మా గది

మాది మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. మూడు, నాలుగు తరగతులు ఒకే గదిలో. 34 మంది పిల్లలు, నేనొక్కదాన్నే. పొద్దున బాగానే ఉండేది గానీ, మధ్యాహ్న భోజనం అయ్యాక గది సంత అయిపోయేది. "టీచర్, వీడు గిచ్చాడు", "టీచర్, నా పెన్సిల్ తీశాడు". బల్ల మీద డస్టర్ కొట్టి "సైలెన్స్" అని అరిస్తే రెండు నిమిషాలు ఆగేవారు, మళ్లీ మామూలే. సాయంత్రానికి నా గొంతు బొంగురుపోయేది. "రెండు తగిలించండి మేడమ్" అని తల్లిదండ్రులే చెప్పేవారు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దాన్ని నిషేధించింది. చట్టం లేకపోయినా నాకు చెయ్యి రాదు లెండి.

ఒక వారం, గొడవ ఎప్పుడు మొదలవుతోందో నోట్‌బుక్‌లో రాసుకున్నాను. దాదాపు ప్రతిసారీ, నేను నాలుగో తరగతికి లెక్కలు చెప్తూ బోర్డు వైపు తిరిగినప్పుడే. అప్పుడు మూడో తరగతి చేతిలో పనేమీ ఉండటం లేదు!

ఇప్పుడు భోజనం గంటకు ముందే వాళ్ల పని బోర్డు మీద రాసిపెడుతున్నాను. అరుపుల బదులు చప్పట్లు: నేను మూడు కొడితే, వాళ్లు రెండు కొట్టి చేతులు కట్టుకుంటారు. గిచ్చే పిల్లాడికి చింతపిక్కల డబ్బా అప్పగించాను. కూడికల కోసం అందరికీ పదేసి పంచడం వాడి డ్యూటీ. మొదటిరోజే కొన్ని జేబులో వేసుకున్నాడు. నేనేమీ అనలేదు. మర్నాడు పొద్దున డబ్బాలో ఎన్నున్నాయో లెక్కపెట్టి బోర్డు మీద రాయమన్నాను. తగ్గిన 11 పిక్కలూ మధ్యాహ్నానికి తిరిగొచ్చాయి.

వాన పడి ఆటలు లేని రోజు మాత్రం ఏదీ పనిచేయదు. ఆ పూట లెక్కలు పక్కనపెట్టి కథ చెప్పేస్తాను.