పిల్లి పడని వారు పిల్లి ఉన్న ఇంట్లో ఎలా నెట్టుకురావాలి?

అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల పల్లెల్లో పిల్లిని కొని తెచ్చుకునేవారు అరుదు. వేరుశనగ మూటలకు ఎలుకలు పట్టిన ఇంటికి అదే వచ్చి చేరుతుంది, అటక మీద పిల్లలను పెడుతుంది, కొన్నాళ్లకు ఇంటి మనిషే అయిపోతుంది. అలాంటి ఇంట్లో ఎవరికైనా పొద్దున లేస్తూనే వరుస తుమ్ములు, కళ్ల దురద, ముక్కు కారడం మొదలైతే, దాన్ని గోనెసంచిలో వేసి ఊరవతల వదిలేయమనే సలహా ముందుగా వినిపిస్తుంది. అంత దూరం వెళ్లకముందే ఇంట్లో చేయగలిగిన పనులు చాలా ఉన్నాయి.

బాధ పెట్టేది వెంట్రుకలని చాలామంది అనుకుంటారు. నిజానికి పిల్లి లాలాజలంలోనూ, చర్మంలోని నూనె గ్రంథుల్లోనూ తయారయ్యే ‘ఫెల్ డి 1’ అనే ప్రోటీన్ ఈ అలర్జీకి ముఖ్య కారణం. పిల్లి ఒళ్లంతా నాక్కున్నప్పుడు అది బొచ్చుకు అంటుకొని, ఆరిపోయి, చర్మపు పొట్టుతో పాటు రాలుతుంది. ఆ రేణువుల్లో కొన్ని ఐదు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) కంటే చిన్నవి కావడం వల్ల గంటల తరబడి గాలిలో తేలుతూనే ఉంటాయి, బట్టలకు పట్టుకొని పిల్లి లేని ఇళ్లకు కూడా ప్రయాణం చేస్తాయి. కాబట్టి కంటికి కనిపించే వెంట్రుకలను ఏరివేసినంత మాత్రాన పని పూర్తికాదు.

మొదటి పని: కారణం పిల్లేనా అని తేల్చుకోండి

మన ప్రాంతంలో ముక్కును పీడించేవి తక్కువేమీ కావు. వానల తర్వాత బీళ్లలో పూసే వయ్యారిభామ, పరుపుల్లోని ధూళి పురుగులు, తడి ఆరని కూలర్ గడ్డికి పట్టే బూజు దాదాపు ఇవే లక్షణాలను తెచ్చిపెడతాయి. పిల్లిని ఎత్తుకున్న కొద్ది నిమిషాలకే కళ్లు ఎర్రబడటం, అది నాకిన చోట దద్దుర్లు తేలడం, కాలంతో నిమిత్తం లేకుండా ఏడాది పొడవునా బాధ ఉండటం పిల్లిని అనుమానించవలసిన గుర్తులు. చర్మ పరీక్షతో గానీ, రక్తంలో ఐజీఈ (అలర్జీకి కారణమయ్యే ప్రతిరక్షకం) పరీక్షతో గానీ వైద్యులు దీన్ని నిర్ధారిస్తారు. సెట్రిజిన్ వంటి అలర్జీ మాత్రలు వాడుతున్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి; చర్మ పరీక్షకు కొన్ని రోజుల ముందు నుంచి వాటిని ఆపకపోతే ఫలితం సరిగా రాదు. పిల్లిని పది రోజులు బంధువుల ఇంట్లో ఉంచి చూద్దామనుకోవడం మాత్రం వృథా, ఎందుకంటే పిల్లి వెళ్లిపోయిన ఇంట్లో అలర్జీ కారకం మామూలు స్థాయికి దిగడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది.

రెండో పని: పడకగదిని పిల్లికి మూసివేయండి

ఒక్క పనికే ఓపిక ఉందనుకుంటే ఇదే చేయండి. రోజులో ఏడెనిమిది గంటలు ఊపిరి పీల్చేది ఆ గదిలోనే కనుక, పిల్లి అందులోకి రాత్రే కాదు, పగలు కూడా రాకూడదు. తలుపు మూసి, కిటికీకి జాలీ వేస్తే చాలావరకు సరిపోతుంది.

అయితే పిల్లి రాకపోయినా పక్కబట్టలు ఆ ప్రోటీన్‌ను లోపలికి తెస్తాయి. పాత చీరలను పొరలుగా వేసి కుట్టిన బొంతను పొద్దున మిద్దె మీద ఆరవేస్తాం. ఎండ కాస్త తగ్గగానే పిల్లి వచ్చి దాని మీద ముడుచుకొని పడుకుంటుంది. సాయంత్రం అదే బొంతను రెండుసార్లు దులిపి, మడిచి గదిలోకి తెచ్చి, రాత్రి ముఖం దాకా కప్పుకుంటాం. దులిపితే పెద్ద వెంట్రుకలు పోతాయి గానీ సన్నని పొడి పొరల్లోనే మిగిలిపోతుంది. బొంతను తరచుగా ఉతకడం ఎవరి వల్లా కాదు కాబట్టి, అలర్జీ ఉన్నవారు పలుచని దుప్పట్లు వాడి, వాటిని వారానికి ఒకసారి ఉతికి, పిల్లి ఎక్కలేని తీగ మీద ఆరవేసుకోవడం మేలు. దిండ్లకు, పరుపుకు దట్టమైన నేతతో జిప్పు ఉన్న తొడుగులు వేయండి. తలుపు వెనుక కొక్కేలకు వేలాడే బట్టలను బీరువాలోకి మార్చండి.

మూడో పని: ముందు తడిగుడ్డ, తర్వాతే పొరక

నేల విషయంలో మనం అదృష్టవంతులం. కడప బండలు, తాడిపత్రి బండలు, బేతంచెర్ల రాయి పరిచిన నేలలో తివాచీలో లాగా ఏదీ ఇంకదు; తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. పొడి పొరకతో కసువు ఊడ్చినప్పుడే నేల మీద కుదురుకున్న రేణువులన్నీ మళ్లీ గాలిలోకి లేస్తాయి. అందువల్ల ఊడ్చే పని అలర్జీ లేనివారికి అప్పగించండి. తప్పకపోతే ఎన్95 మాస్కు పెట్టుకోండి. బండల మధ్య సందుల్లోనూ, మంచం కిందా రెండోసారి తుడవాలి. ఫ్యాను రెక్కలను కూడా తడిగుడ్డతోనే తుడవాలి.

తుడిచే నీళ్లలో ఫినాయిల్ కలపకండి. పిల్లి దాని మీద నడిచి, ఆ పాదాలనే నాక్కుంటుంది. ఫినాయిల్ పిల్లులకు విషం. ఘాటైన వాసన మన ముక్కుకూ మంచిది కాదు. కాస్త సబ్బు కలిపిన నీళ్లు చాలు.

వేసవిలో కిటికీ తెరిచి నడిపే కూలర్ బయటి గాలిని లోపలికి తోస్తుంది కనుక గదిలోని రేణువులు పలుచబడతాయి. తలుపులన్నీ బిగించి ఏసీ వేసుకునే గదిలో, ఆషాఢపు గాలులకు దుమ్ము భయంతో మూసి ఉంచిన ఇంట్లో పరిస్థితి దీనికి విరుద్ధం. అక్కడ అతి సన్నని రేణువులను కూడా పట్టే హెపా ఫిల్టరు ఉన్న గాలి శుద్ధి యంత్రం కొంత సాయపడుతుంది, కానీ పిల్లి అదే గదిలో పడుకుంటుంటే ఆ ఖర్చు దండగ.

నాలుగో పని: పిల్లి విషయంలో

పిల్లికి స్నానం చేయిస్తే అలర్జీ కారకం తగ్గేమాట నిజమే, కానీ కొద్ది రోజుల్లోనే మళ్లీ మొదటికి వస్తుంది. దానికి బదులు అలర్జీ లేనివారు ఆరుబయట తడిగుడ్డతో తుడవడం, దువ్వడం చేయవచ్చు. గండుపిల్లుల్లో ఈ ప్రోటీన్ ఎక్కువ, పిల్లలు పుట్టకుండా చేసే శస్త్రచికిత్స చేయిస్తే తగ్గుతుంది. అలర్జీ రాని జాతి అని చెప్పి అమ్మజూపితే నమ్మకండి, పూర్తిగా అలాంటి జాతి లేదు.

ఐదో పని: మందులు

సెట్రిజిన్, ఫెక్సోఫెనడిన్ వంటి మాత్రలు తుమ్ములను, దురదను తగ్గిస్తాయి. సెట్రిజిన్‌తో కొందరికి మత్తు వస్తుంది కనుక బండి నడిపేవారు జాగ్రత్త పడాలి. ముక్కు దిబ్బడకు వైద్యులు రాసే స్టెరాయిడ్ స్ప్రేలను రోజూ వాడితేనే గుణం కనిపిస్తుంది, బాధ కలిగిన పూట మాత్రమే కొట్టుకుంటే పెద్దగా ఫలితం ఉండదు. కారకాన్ని కొద్దికొద్దిగా ఇచ్చి శరీరాన్ని అలవాటు చేసే ఇమ్యునోథెరపీ కూడా ఉంది, అయితే అది సాధారణంగా మూడు నుంచి ఐదేళ్లు సాగే చికిత్స.

ఊపిరి తీసేటప్పుడు పిల్లికూతలు, ఆయాసం, రాత్రి దగ్గు ఉంటే అది ఆస్తమా కావచ్చు. మాట పూర్తిచేయడానికి ఊపిరి అందకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇన్‌హేలర్ అలవాటైపోతుందన్న భయంతో పిల్లలకు దాన్ని ఆపేయడం ప్రమాదకరం. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఆయాసం తిరగబెడుతూనే ఉంటే మొహమాటపడకుండా పిల్లిని మరో మంచి ఇంటికి అప్పగించి, ఆ రోజే పాత దిండ్లు తీసివేసి, గోడలు, తలుపులు తడిగుడ్డతో తుడిపించండి.