ఫెయిర్‌బ్యాంక్స్ వస్తున్నారా? కోడ్ కంటే ముందు నేలను చూడండి

ఫెయిర్‌బ్యాంక్స్‌లోని అలాస్కా యూనివర్సిటీకి రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహ చిత్రాలతో నేలను గమనించే శాస్త్రం) చదవడానికి వచ్చే మనవాళ్లు మొదట అడిగేది చలి గురించే. జనవరిలో మైనస్ 40కి పడిపోయే రోజులుంటాయి. ఆ అంకె దగ్గర సెల్సియస్, ఫారెన్‌హీట్ రెండూ ఒకటే, లెక్క మార్చుకునే పని తప్పుతుంది! కోటు, బూట్లు ఇండియాలో కొనకండి, అవి ఇక్కడి చలికి ఆగవు. కారు కొంటే ఇంజిన్‌ని వేడిగా ఉంచే బ్లాక్ హీటర్ ఉందో లేదో చూసుకోండి. ఫోన్‌కి చార్జింగ్ పెట్టినట్టు కారుకీ ప్లగ్ పెట్టాలి. అద్దె తక్కువని ‘డ్రై క్యాబిన్’ ఒప్పేసుకోకండి. లోపల కుళాయి ఉండదు, మరుగుదొడ్డి బయట ఉంటుంది.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది చీకటి. డిసెంబర్ మూడో వారంలో పగలు నాలుగు గంటలు కూడా ఉండదు. మన మూడ్‌తో పాటు డేటా కూడా దెబ్బతింటుంది. ల్యాండ్‌శాట్, సెంటినల్-2 ఉపగ్రహాలు ఎండ వెలుతురుతో చిత్రాలు తీసేవి కదా. శీతాకాలమంతా చీకటి, మంచు, వేసవిలో మబ్బులు. ఉత్తరాన టండ్రాలో (చెట్లు లేని చలి మైదానాల్లో) శుభ్రమైన చిత్రాలు ఏడాదికి కొన్ని దొరికితే గొప్ప. అందుకే ఇక్కడ చాలామంది రాడార్ వైపు వెళ్తారు. దానికి మబ్బూ చీకటీ అడ్డు కావు. రెండు తేదీల రాడార్ డేటాను పోల్చి నేల ఎన్ని సెంటీమీటర్లు కుంగిందో లెక్కకట్టొచ్చు.

ఇక్కడ చూడాల్సింది ఆ కుంగడాన్నే. వరుసగా రెండేళ్లైనా సున్నా డిగ్రీలు దాటని నేలను పర్మాఫ్రాస్ట్ అంటారు. అందులో చీలల్లా దిగబడిన మంచు కరిగితే పైనేల కుంగి గుంటలు పడతాయి, వాటిలో నీళ్లు నిలుస్తాయి, ఆ నీళ్లు ఎండవేడిని పట్టి కిందిమంచును ఇంకా కరిగిస్తాయి. 2025 జూలై 30న మన శ్రీహరికోట నుంచి వెళ్లిన నాసా-ఇస్రో రాడార్ ఉపగ్రహం నైసార్ ఇలాంటి కదలికలను కొలవడానికే. దాని డేటా అందించేది మన క్యాంపస్‌లోని అలాస్కా శాటిలైట్ ఫెసిలిటీ. సూళ్లూరుపేట వైపు వాళ్లు వస్తే ఈ మాట గట్టిగానే చెప్పుకోవచ్చు.

నా మొదటి ఏడాది సంగతి ఒకటి. ఉపగ్రహ చిత్రాల్లో నీళ్లను గుర్తించే నా కంప్యూటర్ మోడల్ బోలెడు చెరువులు ఎండిపోయాయని చూపించింది. అక్యురసీ కూడా బాగానే వచ్చింది. రెండు వారాలు మ్యాపులకు రంగులు వేస్తూ మురిసిపోయాను. మా గైడ్ చూసి, “చిత్రం తేదీ ఎంత?” అని ఒక్క ప్రశ్న వేశారు. జూన్ మొదటివారం. చెరువుల మీద మంచు ఇంకా కరగలేదు, నా మోడల్ దాన్ని పొడినేల అనుకుంది. అప్పటినుంచి కోడ్ తెరిచే ముందు తేదీలు చూస్తాను.

ఫెయిర్‌బ్యాంక్స్ పక్కనున్న ఫాక్స్ అనే ఊరి దగ్గర 1960లలో అమెరికా సైన్యం తవ్వించిన పర్మాఫ్రాస్ట్ సొరంగం ఉంది. చూసే అవకాశమొస్తే వదులుకోకండి. గోడల్లో మంచుచీలలు కనిపిస్తాయి, వేల ఏళ్లనాటి మొక్కల, జంతువుల అవశేషాలు కుళ్లుతున్న వాసన ముక్కుకి కొడుతుంది. కంప్యూటర్‌లో పిక్సెల్‌గా చూసినదాన్ని అక్కడ చేత్తో చూపించొచ్చు.

ఫీల్డ్‌కి డాల్టన్ రోడ్డు మీదుగా ఉత్తరాన టూలిక్ పరిశోధన స్టేషన్ వైపు తీసుకెళ్తే, దారిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదని ఇంట్లో ముందే చెప్పండి, లేకపోతే అమ్మ కంగారుపడుతుంది. జూలైలో తలకి దోమల వల తప్పదు. పర్మాఫ్రాస్ట్ మీద వేసవిలో కరిగే పైపొర బాగా లోతుకు చేరేది ఆగస్టు చివర్లో. సన్నటి ఇనపకడ్డీని నేలలోకి గుచ్చి, గడ్డకట్టిన నేల గట్టిగా తగిలినచోట ఆపి లోతు రాసుకోవాలి. పెన్సిల్‌తోనే రాయండి, తడిలో పెన్ను రాతలు చెరిగిపోతాయి.