ఆదుకున్న కానిస్టేబుల్‌కు మెచ్చుకోలు ఉత్తరం ఎలా రాయాలి?

హన్మకొండ బస్టాండ్‌లో రెండు రోజులుగా తనలో తాను మాట్లాడుకుంటూ తిరుగుతున్న ఒకాయనను కానిస్టేబుల్ కసురుకోకుండా చాయ్ తాగించి, ఎంజీఎం ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాడనుకోండి. మనం ‘మంచోడు’ అనుకుని బస్సెక్కేస్తాం. అదే చెయ్యి చేసుకుని ఉంటే పది ఫోన్లలో వీడియో తీసేవాళ్లం. మంచిని కూడా కాగితం మీద పెట్టాలంటే ఇలా చేయండి.

ముందు తేదీ, సమయం, చోటు ఫోన్‌లో రాసుకోండి. పేరు అడగడానికి మొహమాటమైతే యూనిఫాం మీద చూడొచ్చు.

తర్వాత ఏం మెచ్చుకోవాలో తేల్చుకోండి. అసలు పని ఇక్కడే ఉంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వందో సెక్షన్ ప్రకారం, మానసిక అనారోగ్యంతో తనను తాను చూసుకోలేక తిరుగుతున్న మనిషిని పోలీసులు రక్షణలోకి తీసుకోవాలి. వీలైనంత త్వరగా, 24 గంటలు దాటకుండా దగ్గరి ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి. లాకప్‌లో మాత్రం పెట్టకూడదు. అంటే ఆసుపత్రికి తీసుకెళ్లడం డ్యూటీయే. డ్యూటీ చేస్తే మెచ్చుకోవడమెందుకని మా ఇంట్లోనే అడిగారు. తీసుకెళ్లిన తీరును మెచ్చుకోవాలి: ‘లాఠీ పక్కన పెట్టి, ఆయన పక్కనే నేల మీద కూర్చుని అరగంట మాట్లాడారు’ అని రాయండి. ‘మానవతామూర్తి’ అని రాస్తే పై అధికారికి ఏమీ తెలియదు.

పేషెంటు పేరు, ఊరు రాయొద్దు. ఫొటో అసలే వద్దు. చికిత్సలో ఉన్నవారి ఫొటోను, వివరాలను వారి అనుమతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదని అదే చట్టంలో ఉంది. కానిస్టేబుల్‌కు శాలువా కప్పే సన్మానం పెట్టినా పేషెంటును స్టేజీ ఎక్కించొద్దు. వాట్సాప్ గ్రూపులకూ ఇదే మాట.

పోలీసుల గురించైతే వరంగల్ పోలీస్ కమిషనర్‌కు, ఒక కాపీ ఆ స్టేషన్ ఇన్‌స్పెక్టర్‌కు ఇవ్వండి. ఆసుపత్రి సిబ్బంది గురించైతే సూపరింటెండెంట్‌కు. డాక్టర్లను అందరూ తలుచుకుంటారు. రాత్రంతా పక్కన కూర్చున్న సిస్టర్‌ను, ఆయమ్మను మరిచిపోకండి. చేతికిస్తే, ఉత్తరం అందినట్టు మీ కాపీ మీద ఇన్‌వార్డ్ ముద్ర వేయించుకోండి.

మెచ్చుకున్నాం కదా అని లోటు దాచనక్కర్లేదు. చివర్లో ఒకటి అడగండి: ఫోన్‌లో తెలుగులో ఉచితంగా మానసిక సలహా ఇచ్చే టెలీ మానస్ నంబరు 14416ను స్టేషన్ గోడ మీద, బయటివాళ్లకు కనిపించేలా పెద్దగా రాయించమని.