సజెషన్లు ఆపేశాక

మాది మహారాష్ట్రలోని సిరోంచ. ప్రాణహిత, గోదావరి కలిసే చోటు. అవతలి ఒడ్డున కాళేశ్వరం. మా అమ్మాయికి ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. సాయంత్రాలు ఫోన్‌లో తెలుగు రాయిస్తుంటే తప్పుల్లేకుండా కొడుతోందని మురిసిపోయాను.

పలక ఇచ్చి చూస్తే ‘మేడ’కి ‘మెడ’, ‘కోడి’కి ‘కొడి’! మరాఠీలో ఎ, ఏలకు, ఒ, ఓలకు వేరువేరు అక్షరాలు లేవు కదా, తికమక అక్కడే. ఫోన్‌లో మాత్రం కీబోర్డే సరైన పదం చూపిస్తోంది, అమ్మాయి దాన్ని నొక్కేస్తోంది.

జీబోర్డ్ (గూగుల్ కీబోర్డ్) సెట్టింగ్స్‌లో పదాలు చూపించే సజెషన్లు, తప్పులు తనే దిద్దే ఆటో కరెక్షన్ రెండూ ఆపేశాను. రెండు రోజులు ఒకటే ఏడుపు (వాళ్ల నాయనమ్మ నన్నే తిట్టింది). తర్వాత ‘మెడ-మేడ’, ‘తెగ-తేగ’ లాంటి జంటలు నా గొంతుతో రికార్డు చేసి పెట్టాను. విని, ముందు పలక మీద రాసి, ఆపైనే టైప్ చేయాలి. ఇప్పుడు ‘ఏ’ కుదిరింది. ‘ఓ’ దగ్గరే ఇంకా తంటా.