మొహం చూసి మనసు తెలుసుకోవాలంటే ముందు ఏం గమనించాలి

చాలా ఏళ్ళుగా ఇంటి దగ్గర పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్తున్నాను. "అర్థమైందా?" అంటే అందరూ ఒకే గొంతుతో "అర్థమైంది సార్" అంటారు. మొదట్లో ఆ మాట నమ్మి పాఠం ముందుకు లాక్కెళ్ళిపోయేవాణ్ణి, తీరా పరీక్ష పెడితే సగం మందికి మొదటి లెక్క కూడా వచ్చేది కాదు. అప్పటి నుంచి ఆ జవాబుని పట్టించుకోవడం మానేసి పిల్లల మొహాలు చూడటం మొదలుపెట్టాను. అలా నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను, ఇంట్లో, ఆఫీసులో ఎక్కడైనా పనికొస్తుంది.

అన్నిటికన్నా ముందు ఆ మనిషి మామూలుగా ఎలా ఉంటాడో తెలియాలి. మా దగ్గర ఒక అబ్బాయి కూర్చున్నంతసేపూ కాలు ఊపుతూనే ఉంటాడు. కొత్తవాళ్ళు చూస్తే టెన్షన్ అనుకుంటారు, కానీ వాడికది అలవాటు. ఒకరోజు కాలు ఊపకుండా బిగుసుకుపోయి కూర్చున్నాడు, పాఠం అయ్యాక పక్కకి పిలిచి అడిగితే ఇంట్లో పెద్ద గొడవ జరిగిందని చెప్పాడు. కాలు ఊపితే ఇది, ముక్కు గోక్కుంటే అది అని పట్టికలు బట్టీ పట్టొద్దు. ఎదుటివాళ్ళు సరదాగా క్రికెట్ గురించో వంట గురించో మాట్లాడేటప్పుడు చేతులెలా కదుపుతారు, ఎంత వేగంగా మాట్లాడతారు, ఎంతసేపు కళ్ళలోకి చూస్తారు అనేవి మనసులో పెట్టుకోండి. తర్వాత ఏ మాట దగ్గర అది మారిందో చూడండి. మార్పే అసలు సంగతి.

ఒక్క గుర్తు పట్టుకుని తీర్పు చెప్పేయడం ఇంకో పొరపాటు. చేతులు కట్టుకుంటే మనసు మూసుకున్నట్టని వ్యక్తిత్వ వికాసం క్లాసుల్లో చెప్తుంటారు. మన బడుల్లో "చేతులు కట్టుకుని కూర్చోండి" అని చెప్పి మరీ కూర్చోబెడతారు కదా, ఆ అలవాటు పెద్దయ్యాక ఎక్కడికి పోతుంది? ఏసీ చలి వల్ల కూడా కావచ్చు. అలాగే పెద్దవాళ్ళ ముందు తల దించుకుని మాట్లాడే కుర్రాణ్ణి అబద్ధం చెప్తున్నాడనుకోవడం అన్యాయం, చాలా ఇళ్ళలో అది మర్యాదగా నేర్పిస్తారు. మనం తలని అటూ ఇటూ కాస్త వంచి "సరే" అంటాం చూడండి, అమెరికాలో పనిచేసే మనవాళ్ళు అలా ఊపితే అక్కడివాళ్ళకి అవునో కాదో తెలియక తికమకపడతారు. కాబట్టి మొహం, గొంతు, చేతులు, కూర్చున్న తీరు, వీటిలో కనీసం రెండు మూడు ఒకే సంగతి చెప్తుంటేనే లెక్కలోకి తీసుకోండి.

నవ్వు గురించి కాస్త వివరంగా చెప్పాలి. 1862లో డుషెన్ అనే ఫ్రెంచి డాక్టరు మొహంలోని కండరాలకి కరెంటు తగిలించి చూసి ఒక మంచి విషయం రాశాడు: పెదాల చివరలు పైకి లాగే కండరం మన మాట వింటుంది, కంటి చుట్టూ ఉండే కండరం అంత సులువుగా వినదు. అందుకే సంతోషంగా నవ్వినప్పుడు బుగ్గలు పైకి లేచి, కళ్ళు కాస్త చిన్నవై, కంటి చివర ముడతలు పడతాయి. ఫొటో కోసం నవ్వే నవ్వు చాలాసార్లు పెదాల దగ్గరే ఆగిపోతుంది. అయితే కళ్ళతో కూడా కావాలని నవ్వగలిగేవాళ్ళున్నారు, కాబట్టి దీన్ని కూడా ఒక ఆనవాలుగానే చూడండి, రుజువుగా కాదు.

చూడటానికి కావలసిన పదాలు మన భాషలోనే ఉన్నాయి. నీళ్ళు నమలడం, మూతి ముడుచుకోవడం, మొహం చిన్నబుచ్చుకోవడం, బిక్కమొహం వేయడం, గుటకలు మింగడం, మొహం చాటేయడం... ఒక్కోటీ ఒక్కో బొమ్మ. "ఏదోలా ఉన్నాడు" అని సరిపెట్టుకోకుండా వీటిలో ఏది అని మీలో మీరు అనుకుని చూడండి, కన్ను పదునెక్కుతుంది.

అబద్ధాలు పట్టేద్దామని మాత్రం ఈ పని నేర్చుకోవద్దు. 2006లో ఇద్దరు పరిశోధకులు వందలాది ప్రయోగాల ఫలితాలు కలిపి చూస్తే, అబద్ధమో నిజమో మనుషులు సరిగ్గా చెప్పగలిగింది సుమారు 54 శాతం సార్లే, బొమ్మా బొరుసూ వేసినా దాదాపు అంతే. శరీరం టెన్షన్ చూపిస్తుంది, కారణం చూపించదు. ఏ తప్పూ చేయనివాడికి కూడా పోలీసు ఆపితే చెమటలు పడతాయి. జబ్బులు కూడా ఉంటాయి, పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళ మొహంలో కదలికలు తగ్గిపోతాయి, ఇంట్లోవాళ్ళేమో ముభావంగా ఉంటున్నాడని బాధపడతారు.

కనిపెట్టాక ఏం చేయాలన్నది చాలామంది ఆలోచించరు. మా అమ్మ వీడియో కాల్‌లో ఎప్పుడూ "బాగానే ఉన్నాన్రా" అంటుంది, మొహం కూడా బాగానే ఉంటుంది. ఒకసారి మాట్లాడుతూ లేచినప్పుడు మంచం కోడు పట్టుకుని, పెదవి బిగించి లేచింది. "ఏమైంది, ఎందుకు దాస్తున్నావ్?" అని గట్టిగా అడిగితే ఏమీ లేదనేసింది. ఆ వారం ఊరెళ్ళి, పక్కన కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తూ, "మొన్న లేచేటప్పుడు మంచం పట్టుకున్నావు కదమ్మా" అని చూసింది చూసినట్టు చెప్పి ఊరుకున్నాను. కాసేపటికి తనే మోకాళ్ళ సంగతంతా చెప్పింది. మీరూ అంతే చేయండి: చూసింది చెప్పండి, దానికి అర్థం మీరు చెప్పకండి, నలుగురిలో అడగకండి, అడిగాక ఆగండి. ట్యూషన్‌లో కూడా "అర్థమైందా" మానేసి, "ఏ లైను దగ్గర ఆగిపోయారు?" అంటున్నాను, చేతులు లేస్తున్నాయి.

సాధనకి ఖర్చేమీ అక్కర్లేదు. టీవీలో ఏదైనా ఇంటర్వ్యూ ఐదు నిమిషాలు సౌండ్ తీసేసి చూసి, ఎక్కడ ఇబ్బంది పడ్డారో, ఎక్కడ ఉత్సాహంగా ఉన్నారో రాసుకుని, మళ్ళీ సౌండ్ పెట్టి చూసుకోండి. సీరియళ్ళు వద్దు, వాటిలో అన్నీ పెంచి చూపిస్తారు. మొదట్లో సగం తప్పుతాయి. ఎక్కడ తప్పారో కూడా రాసుకోండి.