రివాల్వర్ పోటీలకు దిగే ముందు: బెంగళూరు తెలుగువాళ్లకు కొన్ని జాగ్రత్తలు

హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ అమ్మాయి ఇషా సింగ్ పతకాలు తెచ్చింది. ఆ తర్వాత 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్‌కు రెండు కాంస్యాలు వచ్చాయి. అప్పటినుంచి బెంగళూరు షూటింగ్ రేంజీల్లో శని, ఆదివారాలు తెలుగు బాగానే వినిపిస్తోంది. మారతహళ్లి నుంచి, కె.ఆర్. పురం నుంచి ట్రాఫిక్‌లో పడి వచ్చినవాళ్లు చాలామంది ముందు అడిగేది ఒకటే: "ఇది డేంజరా అండీ?"

లేన్‌లో నిలబడి టార్గెట్ వైపు కాలుస్తున్నంతసేపూ భయపడాల్సింది తక్కువే. పక్కన కోచ్ ఉంటాడు, వెనక రేంజ్ ఆఫీసర్ ఉంటాడు, అందరి చూపూ మీ చేతి మీదే ఉంటుంది. తేడా కొట్టేది దానికి అటూ ఇటూ. తూటాలు పెట్టేటప్పుడు, చేయి దించాక, బ్యాగు సర్దేటప్పుడు, ఇంటికెళ్లే దారిలో, రోజూ వేసుకునే బీపీ మాత్రలో, వాట్సాప్ స్టేటస్‌లో. అందుకే గురి ఎలా పెట్టాలన్న సంగతి మీ కోచ్‌కే వదిలేస్తున్నాను.

ముందు ఏ పోటీకి వెళ్తున్నారో తెలుసుకోండి. రివాల్వర్ అనగానే చాలామంది బుర్రలో ఉండేది యూట్యూబ్. జెర్రీ మిక్యులెక్ అనే అమెరికన్ 1999లో రివాల్వర్‌తో ఆరు కాల్చి, మళ్లీ నింపి, ఇంకో ఆరు కాల్చాడు. మొత్తం 2.99 సెకన్లు. అక్కడ రివాల్వర్ల కోసమే విడిగా పోటీలు ఉన్నాయి, పరిగెత్తుతూ కాల్చేవీ ఉన్నాయి. అది చూసి ఇక్కడికొచ్చి అలా తిప్పబోతే మొదటి రోజే బయటికి పంపేస్తారు, పంపాలి కూడా. మన దగ్గర రివాల్వర్ పట్టుకుని దిగగలిగేది 25 మీటర్ల సెంటర్‌ఫైర్ (తూటా అడుగున నడిమధ్య దెబ్బ తగిలి పేలే రకం) పిస్టల్ విభాగంలో. కదలకుండా నిలబడి, ఒంటి చేత్తో, గుండ్రటి టార్గెట్ మీద 60 రౌండ్లు. మొదటి 30 ప్రిసిషన్: ఐదేసి చొప్పున, ఒక్కో ఐదుకు ఐదు నిమిషాలు. తర్వాతి 30 ర్యాపిడ్: టార్గెట్ మూడు సెకన్లు కనిపిస్తుంది, ఏడు సెకన్లు కనబడదు, కనిపించిన ప్రతిసారీ ఒక్క రౌండే. మన షూటర్ జస్పాల్ రాణా 1994 హిరోషిమాలోనూ 2006 దోహాలోనూ ఆసియా క్రీడల స్వర్ణం కొట్టింది ఈ విభాగంలోనే. దోహాలో ఆయన స్కోరు 590, అప్పటి ప్రపంచ రికార్డుకు సమానం. పోటీల్లో ఎక్కువమంది సెమీ ఆటోమేటిక్ పిస్టళ్లే వాడతారు. రివాల్వర్‌తో రావడం కాస్త మొండితనమే. అయినా రూల్ ఒప్పుకుంటుంది.

కొత్తవాళ్లు నేరుగా అక్కడికి వెళ్లొద్దు. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌తో మొదలుపెట్టండి. 0.177 బోర్ (గొట్టం రంధ్రం వెడల్పు, అంగుళాల్లో), 20 జౌళ్ల శక్తి దాటని ఎయిర్ గన్నులకు లైసెన్స్ అక్కర్లేదు, శబ్దం తక్కువ, ఖర్చూ తక్కువే. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో మన బెంగళూరు షూటర్ ప్రకాశ్ నంజప్ప రజతం గెలిచింది ఈ విభాగంలోనే, కాబట్టి చిన్నచూపు చూడకండి. ఒక్క జాగ్రత్త: గాలి సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడి ఉంటుంది. ఎండలో ఆపిన కారు డిక్కీలో దాన్ని వదలొద్దు. దాని మీద తయారీ తేదీ చెక్కి ఉంటుంది, కంపెనీ ఇచ్చిన గడువు, మామూలుగా పదేళ్లు, దాటితే పోటీలో ఒప్పుకోరు. సెకండ్ హ్యాండ్ పిస్టల్ కొనేవాళ్లు ముందు ఆ తేదీ చూడాలి, బేరం తర్వాత.

రివాల్వర్ చేతికొచ్చాక

రేంజిలో తరచూ కనిపించే సీన్ ఒకటి చెప్తాను. కొత్త కుర్రాడు ట్రిగ్గర్ నొక్కుతాడు. టిక్ అంటుంది, పేలదు. వెంటనే ఒళ్లంతా కోచ్ వైపు తిప్పి, "అన్నా, ఇది పేలట్లేదు" అంటాడు. ఒంటితోపాటు చేయి తిరుగుతుంది, చేతితోపాటు బ్యారెల్ (గొట్టం). పక్క లేన్‌లో ఉన్నాయన కళ్లకు నేరుగా ఆ మూతే కనిపిస్తుంది. ఆ క్షణం కోచ్ అరిచే అరుపు జన్మలో మర్చిపోరు. చేయాల్సింది ఇది: చేయి టార్గెట్ వైపే ఉండాలి, వేలు ట్రిగ్గర్ మీద నుంచి తీసేయాలి, ఖాళీ చేయి పైకెత్తాలి. తల కూడా తిప్పక్కర్లేదు, మనిషి మీ దగ్గరికే వస్తాడు.

రివాల్వర్‌లో దీనికి ఇంకో చిక్కుంది. పేలలేదని మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే సిలిండర్ (తూటాలు పెట్టే గదుల చక్రం) తిరిగి పక్క తూటా ముందుకొస్తుంది. ఇందాకటి తూటా బ్యారెల్ దారి తప్పి పక్కకు జరుగుతుంది. అది ఆలస్యంగా అంటుకుందా, గుండు వెళ్లడానికి ఎదురుగా బ్యారెల్ ఉండదు, ఇనుమే ఉంటుంది. అందుకే టిక్ అన్నాక కనీసం 30 సెకన్లు మూతి టార్గెట్ వైపే పెట్టి ఊరుకోవాలి. పోటీలో ఆ 30 సెకన్లు యుగంలా ఉంటాయి, ఉండనివ్వండి.

దీనికన్నా ప్రమాదం, పేలీ పేలనట్టు చప్పుడు రావడం. ఢాం అనాల్సింది తుస్సుమంటుంది, చేతికి దెబ్బ కూడా తెలీదు. గుండు బ్యారెల్ మధ్యలోనే ఇరుక్కుని ఉండొచ్చు. వెనకాలే ఇంకోటి కాలిస్తే బ్యారెల్ పగులుతుంది. చప్పుడు తేడాగా ఉంటే స్కోరు సంగతి పక్కనపెట్టి ఆపేయండి. ర్యాపిడ్‌లో మూడు సెకన్ల టెన్షన్‌లో మనసు ఆ తేడాను పట్టించుకోదు. అందుకే దాన్ని ప్రాక్టీస్‌లోనే అలవాటు చేసుకోవాలి.

సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సన్నని సందు ఉంటుంది. కాల్చిన ప్రతిసారీ ఆ సందులోంచి పక్కలకు వేడి గ్యాసు, సీసం రజను చిమ్ముతాయి. నమ్మకపోతే మీ కోచ్‌ని అడిగి, ఆ సందు పక్కన ఒక చార్ట్ ముక్క క్లిప్‌తో నిలబెట్టి ఒక్క రౌండ్ కాల్చి చూడండి. సందు ఎదురుగా నల్లటి మసి గీత పడుతుంది, కాగితం దగ్గరగా ఉంటే చిరుగుతుంది కూడా. అక్కడ మీ బొటనవేలు ఉండి ఉంటే? సెమీ ఆటోమేటిక్ పిస్టల్ రెండు చేతులతో పట్టుకునే అలవాటున్నవాళ్లు బొటనవేళ్లు ముందుకు చాపుతారు, రివాల్వర్‌కు అది పనికిరాదు. పక్క లేన్ వాళ్లకు కూడా కళ్లద్దాలు తప్పనిసరి అనేది ఈ రజను వల్లే.

ఆరు గదుల సిలిండర్‌లో పోటీకి ఐదే నింపాలి. ఖాళీ గది సుత్తి (ట్రిగ్గర్ నొక్కితే వెనక నుంచి తూటాను కొట్టే భాగం) కింద ఉండేలా మూయండి. అప్పుడు వరసగా ఐదూ పేలతాయి. వేరే చోట ఉంటే సిరీస్ మధ్యలో ఉత్త టిక్ వస్తుంది, అది షూటర్ తప్పు కింద పోతుంది, మళ్లీ కాల్చే అవకాశం ఇవ్వరు. ర్యాపిడ్‌లో ఏడు సెకన్ల విరామంలోనే సుత్తి వెనక్కి లాగుకోవాలి. లాగాక టార్గెట్ రాకుండా "స్టాప్" అన్నారనుకోండి, ఆ సుత్తిని మెల్లగా దించడమే ఈ ఆటలో అన్నిటికన్నా నాజూకైన పని. దాన్ని ఖాళీ రివాల్వర్‌తో, మూతి టార్గెట్ వైపే పెట్టి, చెమట పట్టిన చేత్తో కూడా జారనంత వరకు నేర్చుకున్నాకే తూటాలు ముట్టుకోండి.

తూటాల పేరు విషయంలో కూడా మోసపోతారు. .32 అని ఒక్కటే అంటే చాలదు. పిస్టల్‌కు వాడే .32 ఏసీపీ వేరు, రివాల్వర్‌కు వాడే .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్ వేరు. పెట్టె మీద పేరు, బ్యారెల్ మీద చెక్కిన పేరు అక్షరం అక్షరం కలవాలి. పక్క లేన్ వాళ్ల దగ్గర నాలుగు తూటాలు అప్పు తీసుకోవడం లాంటివి అసలే వద్దు.

చెవి, చేయి, రక్తం

చెవికి శాశ్వతంగా దెబ్బ తగలడానికి 140 డెసిబెల్స్ దాటిన ఒక్క చప్పుడు చాలు, రివాల్వర్ చప్పుడు అది దాటుతుంది. పైకప్పున్న రేంజిలో ఇంకా దారుణం. స్పాంజి ప్లగ్గులు లోపల, వాటి మీద ఇయర్‌మఫ్, రెండూ పెట్టుకోండి. సరదాగా చూడ్డానికి తీసుకొచ్చిన పిల్లలకూ అంతే. రేంజి గేటు లోపలికి రాకముందే పెట్టాలి, మొదటి ఢాం అయ్యాక కాదు.

సీసం కంటికి కనిపించదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. గుండు సీసమే, తూటా అడుగున నిప్పు పుట్టించే మందులోనూ సీసం ఉంటుంది. ప్రాక్టీస్ మధ్యలో సమోసా తినొద్దు. పెల్లెట్లు (ఎయిర్ పిస్టల్ సీసపు గుళ్లు) పళ్ల మధ్య పెట్టుకునే అలవాటు కొందరికుంది, చూస్తే ఒళ్లు మండుతుంది. కాల్చాక సబ్బు, చల్లటి నీళ్లతో చేతులు, మొహం కడుక్కోండి. ఇంట్లో పాకే పిల్లలుంటే ఆ చొక్కాతో ఎత్తుకోకండి, విడిగా ఉతికించండి. గర్భిణులు రేంజికి దూరంగా ఉండటమే మంచిది. వారం వారం కాల్చేవాళ్లు ఏడాదికోసారి రక్తంలో సీసం టెస్ట్ చేయించుకుంటే నష్టం లేదు.

సెంటర్‌ఫైర్ పోటీ ఆయుధం 1400 గ్రాముల దాకా ఉండొచ్చు, ట్రిగ్గర్ కదలాలంటే కనీసం కిలో బరువు పడాలి. రోజంతా కీబోర్డ్ మీద ఉన్న చేయి మొదటి వారమే దీన్ని మోస్తే మోచేయి పట్టేస్తుంది. రెండు మూడు నెలలు భుజానికి, మణికట్టుకు వ్యాయామం చేసి రండి.

అన్నిటికన్నా ఎవరికీ తట్టని జాగ్రత్త బీపీ మాత్రలది. అటెనొలాల్, మెటోప్రొలాల్, ప్రొప్రనొలాల్ లాంటి బీటా బ్లాకర్లు గుండె దడ తగ్గిస్తాయి, చేయి వణుకూ తగ్గిస్తాయి. అందుకే షూటింగ్‌లో ఇవి డోపింగ్ కింద నిషిద్ధం, పోటీ రోజే కాదు, అన్ని రోజులూ. 2008 బీజింగ్‌లో ఉత్తర కొరియా షూటర్ కిమ్ జాంగ్ సు రెండు పతకాలు పోగొట్టుకున్నది ప్రొప్రనొలాల్ వల్లే. మైగ్రేన్‌కు ఇచ్చే మాత్రలో, గ్లాకోమాకు వేసే టిమొలాల్ చుక్కల్లో కూడా ఇదే మందు జాతి. వెటరన్ విభాగంలో దిగేవాళ్లు ప్రిస్క్రిప్షన్ పట్టుకుని డాక్టర్‌ని అడగండి, మారేదైతే మారుస్తారు, లేదా నాడాకు (దేశ డోపింగ్ నిరోధక సంస్థ) మినహాయింపు కోసం దరఖాస్తు పెట్టుకోవాలి. పోటీ కోసం మీ అంతట మీరు మాత్ర ఆపేయడం మాత్రం వద్దు. హఠాత్తుగా ఆపితే గుండెకే ప్రమాదం.

లైసెన్స్, ఇల్లు, ఊరు

తొందరపడి సొంత రివాల్వర్ కొనకండి. క్లబ్ ఆయుధంతో కొన్నాళ్లు కాల్చి, పోటీల్లో స్కోర్లు వచ్చాక ఆలోచించవచ్చు. లైసెన్స్‌కు కనీస వయసు 21. బెంగళూరు నగరంలో పోలీస్ కమిషనర్ ఆఫీసే లైసెన్స్ ఇస్తుంది. ఆధార్‌లో ఊరు గుంటూరు, ఉండేది వైట్‌ఫీల్డ్ అద్దె ఫ్లాట్ అయితే అక్కడే బండి ఆగిపోతుంది. రెంటల్ అగ్రిమెంట్, చిరునామా మార్పు ముందే సరిచేసుకోండి. విచారణకు వచ్చే కానిస్టేబుల్‌తో నాలుగు ముక్కలు కన్నడలో మాట్లాడితే పని సులువవుతుంది (ఇది రూల్ కాదు, అనుభవం).

రూమ్మేట్లతో ఉండేవాళ్లు ఆయుధం ఇంట్లో పెట్టుకోకపోతేనే మేలు. సంక్రాంతికి మడివాళలో బస్సెక్కి ఊరెళ్తే ఆ వారం రోజులు ఎవరి కాపలా? క్లబ్ ఆర్మరీలోనో (ఆయుధాల గది), లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో జమచేసి రసీదు తీసుకోండి. ఇంట్లో ఉంచితే ఆయుధం ఒక తాళంలో, తూటాలు ఇంకో తాళంలో. ఇంట్లో ఎవరైనా డిప్రెషన్‌లో ఉంటే, ఉన్నారని అనుమానం వచ్చినా సరే, అది ఆ ఇంట్లో ఉండకూడదు. ఇందులో మొహమాటం లేదు.

ఊరికి తీసుకెళ్లి బావమరిదికి చూపించాలనిపిస్తుంది. మీ లైసెన్స్ కర్ణాటక వరకేనా, దేశమంతటికా అన్నది అందులోనే రాసి ఉంటుంది, హిందూపురం చెక్‌పోస్ట్ దాటే ముందు చదవండి. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాలిస్తే, 2019 సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. గురి పెట్టి ఫొటో దిగి స్టేటస్ పెట్టడమంటే, మీ ఇంట్లో ఏముందో, ఏ ఫ్లాట్‌లో ఉందో తెలియనివాళ్లకు చెప్పినట్టే. ఎన్నికలప్పుడు లైసెన్స్ ఆయుధాలు స్టేషన్‌లో జమచేయమంటారు. రైఫిల్ అసోసియేషన్ సభ్యులై పోటీల్లో పాల్గొనే షూటర్లకు మినహాయింపు ఉంటుంది, దాన్ని కాగితం మీద ముందే తెచ్చుకోవాలి.

పోటీ రోజు గంట ముందు చేరండి. ఆయుధం 300, 150, 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి, రెడ్ డాట్ సైట్లు (ఎర్ర చుక్కతో గురి చూపేవి) పనికిరావు, చీలమండ కప్పే బూట్లు పనికిరావు, మణికట్టుకు పట్టీ పనికిరాదు. కాల్చనప్పుడు సేఫ్టీ ఫ్లాగ్ (తూటా లేదని చూపించే రంగు గుర్తు) ఎప్పుడూ ఆయుధం లోపలే ఉండాలి.

ఇక రేంజి బ్యాగు. దాని మూలల్లో, పక్క జిప్పుల్లో, పాత జాకెట్ జేబులో ఒక్క తూటా ఎప్పుడూ మిగిలిపోతుంది. ఎయిర్‌పోర్ట్ స్కానర్‌లో అది కనిపిస్తే మీ లైసెన్స్ సంగతి తర్వాత, ముందు ఫ్లైట్ పోతుంది, ఆపై పోలీసులకు సమాధానం చెప్పుకోవాలి. రేంజి బ్యాగు రేంజికే వాడండి. తిరిగొచ్చిన రాత్రే బోర్లించి దులపండి. విమానంలో విజయవాడ వెళ్తున్న అమ్మకు బ్యాగు చాలట్లేదని దాన్ని మాత్రం ఇచ్చి పంపకండి.