జిల్లాల పిల్లలం కలిసి ఆడోళ్ల సంఘం కట్టుకునే తీరు

జెండా, పేరు, లోగో అన్నీ తర్వాత. ముందు ఒక తెల్ల కాయితం మీద బస్సుల టైములు రాసుకోండ్రి. ములుగు పిల్ల ఎన్ని గంటలకు ఇల్లు చేరాలె? మహబూబాబాద్ దాటి తండాకు పోయేటామెకు చీకటి పడ్డంక ఆటో దొరుకుతదా? మంచిర్యాల నుంచి రైలుకు వచ్చి కాజీపేటల దిగేటామె మళ్ల ఏ బండికి వాపస్ పోతది? ఈ కాయితం తయారైనంకనే మీటింగు ఎన్ని గంటలకో తేలుతది. మా హన్మకొండల చానా మీటింగులు సాయంత్రం ఆరింటికి పెడుతరు. ఆరింటికి అంటే హన్మకొండల ఇల్లు, కింద స్కూటీ ఉన్నోళ్ల మీటింగు అన్నట్టే.

మాది పాలకుర్తి పక్క పల్లె. డిగ్రీ చదువుకుంటనే చౌరస్తా కాడ బట్టల దుకాణంల సేల్స్‌ల చేసిన. ఇప్పుడు హన్మకొండ కోర్టుల ఒక మేడం దగ్గర జూనియర్‌ని. మా గుంపుల జనగామ, కరీంనగర్, జగిత్యాల, భూపాలపల్లి పిల్లలున్నరు, నడిపేటోళ్లంత ముప్పై లోపలోళ్లే. "అక్కా, మేము గూడ మొదలుపెడ్తం, ఎట్ల చేయాలె" అని వేరే జిల్లాల నుంచి అడుగుతున్నరు. ఫోన్ల చెప్పి చెప్పి గొంతు పోతున్నది, అందుకే రాస్తున్న.

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణల పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు మన ఆడోళ్లకు ఫ్రీ. ట్రాన్స్‌జెండర్లకు గూడ. కార్డు చూపిస్తే జీరో టికెట్ కొడుతరు. ఈ టికెట్ మీద మొగోళ్లు వేసే జోకులు మీరు గూడ వినే ఉంటరు. వేసుకోనియ్యండ్రి. మా అసొంటి గుంపు జిల్లాలు దాటి నిలబడ్డదంటే సగం కారణం ఆ టికెట్టే. డీలక్స్‌ల, సూపర్ లగ్జరీల అది చెల్లదు. జగిత్యాల నుంచి వచ్చేటామె కరీంనగర్ల బస్సు మారాలె, ఎక్స్‌ప్రెస్ కోసం నిలబడాలె, ఆ టైము గూడ లెక్కల వేయాలె. రైలుకైతే పైసలు అయితయి, అవి గుంపు పెట్టుకోవాలె, ఆమెతోని పెట్టియ్యొద్దు. మేము పదకొండింటికి మొదలుపెట్టి మూడింటికి బంద్ చేస్తం. ముచ్చట మంచి రసపట్టుల ఉన్నా బంద్. జాగ గూడ మారుతుండాలె, ఒకసారి జనగామ, ఒకసారి కరీంనగర్. ప్రతిసారి అందరిని హన్మకొండకే రమ్మంటే హన్మకొండోళ్ల పెండ్లికి జిల్లాల చుట్టాలు వచ్చిపోయినట్టు ఉంటది.

ఎవరింట్ల పెట్టుకోవద్దు. పెడితే ఆ ఇంటి అమ్మ పొద్దటి నుంచి చాయ్ పెట్టుకుంట, గిన్నెలు తోముకుంట మన స్త్రీ విముక్తి చర్చ వంటింట్ల నుంచి వింటది. లైబ్రరీ, పార్కు, ఊర్లల్ల అయితే మహిళా సంఘం బిల్డింగు అడగండ్రి. డ్వాక్రా సంఘం అధ్యక్షురాలిని కలిసి "అమ్మా, మేము పిల్లలం కూసొని మాట్లాడుకుంటం" అంటే చానా కాడ తాళం ఇస్తరు. ఇచ్చేటామెను గూడ కూసోమనండ్రి.

ఇంట్ల ఏం చెప్పాలె అన్నది పెద్ద ప్రశ్న. కోచింగ్ క్లాసు అని అబద్ధం చెప్పి వచ్చుడు సులువే, కాని ఒక్కసారి దొరికిందంటే ఆ పిల్ల చదువు మీదికే వస్తది. మేము తల్లులను కలుస్తం. ఇద్దరం పోయి, మాది ఏ ఊరో, ఏం చదివినమో, బిడ్డను ఎన్నింటికి బస్సు ఎక్కిస్తమో చెప్పి, నంబరు ఇచ్చి వస్తం. తండ్రి ఒప్పుకోని కాడ గూడ తల్లి దారి చూస్తది. ఇక వాట్సాప్ గ్రూపు. ఫోను తమ్ముడి చేతుల ఉండే పిల్లలు మనల చానామంది ఉన్నరు. గ్రూపుకు గడబిడ పేరు పెట్టొద్దు. అండ్ల తారీఖు, జాగ, బస్సు తప్ప ఇంకేం రాయొద్దు. మీటింగు ఫొటోలు ఎవరిని అడగకుండ స్టేటస్‌ల పెట్టొద్దు. కడమ ముచ్చట్లన్నీ ఎదురుంగ కూసున్నప్పుడే.

ఇంత చేసినా రాలేనోళ్లు ఉంటరు. మెట్‌పల్లి, కోరుట్ల, ఆర్మూర్ దిక్కు బీడీలు చేసేటోళ్లకు ఒక పూట పోతే ఆ పూట కూలి పోయినట్టే, లెక్కంత వెయ్యి బీడీలకు ఇంత అని. వాళ్లను మీటింగుకు రమ్మనుడు దండుగ. వాడల చెట్టు కింద ఒడిల చాటలు పెట్టుకొని కూసుంటరు, మనమే ఆడికి పోవాలె. చేతులు పని మీద ఉంటయి, చెవులు ఖాళీగనే ఉంటయి. ఒకామె పేపరు చదువుతది, మిగిలినోళ్లు చుట్టుకుంటనే వింటరు, మధ్యల ఆపి వాదిస్తరు. పీఎఫ్ నంబర్లు, పింఛను కాయితాలు, ఆకు నాసిరకం ఇస్తే అయ్యే తరుగు, ఇవన్నీ ఆడ్నే బయటపడ్తయి. సిరిసిల్లల కండెలు చుట్టేటోళ్ల కాడ గూడ అంతే. ఈ చెట్టు కింద కూసునుడు నచ్చని పిల్లలు మన గుంపుల ఎక్కువ రోజులు ఉండరు, అది నేను గమనించిన.

మొదటి పని ఏది పట్టుకోవాలె? ఇక్కడ జర ఆగి చెప్త, ఎందుకంటే చానా గుంపులు ఇక్కడనే ఆగమైతయి. స్త్రీలపై హింస అనే అంత పెద్ద మాట పట్టుకొని ర్యాలీ తీస్తరు, ఫొటో దిగుతరు, తెల్లారి ఏం చేయాలెనో తెల్వదు. తెలంగాణ పోరాటం రోజులల్ల పాలకుర్తిల చాకలి ఐలమ్మకు సంఘం, అంటే ఆంధ్ర మహాసభ, ఏం చేసింది? విసునూరు దేశ్‌ముఖు గుంజుకోవాలని చూసిన పంటను సంఘపోళ్లు కోసి, వడ్లు ఆమె ఇంటికి చేర్చిండ్రు. కంటికి కనపడే పని. మీరు గూడ గెలుపో ఓటమో తెలిసే పని ఒకటి పట్టుకోండ్రి.

మేము చెప్పేది అంతర్గత ఫిర్యాదుల కమిటీ, పని జాగల లైంగిక వేధింపుల మీద ఫిర్యాదులు వినే కమిటీ. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకన్న ఎక్కువమంది పనిచేసే ఏ జాగల అయినా ఆ కమిటీ ఉండాలె. పెద్ద హోదాల ఉన్న ఆడామెనే అధ్యక్షురాలు కావాలె, కనీసం సగం మంది ఆడోళ్లుండాలె, బయటి నుంచి ఒక సభ్యురాలో సభ్యుడో ఉండాలె. పెట్టకపోతే యాభై వేల దాంక జరిమానా. కాలేజీలకైతే యూజీసీ 2015 నిబంధనలు గూడ ఉన్నయి, విద్యార్థుల కేసైతే ఎన్నికైన ముగ్గురు విద్యార్థులు కమిటీల కూసోవాలె. ఇప్పుడు మీ కాలేజీల తిరిగి చూడండ్రి, ఆ పేర్లు గోడ మీద ఉన్నయా? సర్కారు కాలేజీ, యూనివర్సిటీ అయితే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండ్రి. పది రూపాయలు ఫీజు, ముప్పై రోజుల్ల జవాబు ఇయ్యాలె. సభ్యుల పేర్లు, బయటి సభ్యురాలు ఎవరు, పోయిన సంవత్సరం ఎన్ని ఫిర్యాదులు వచ్చినయి, వార్షిక నివేదిక కాపీ, ఈ నాలుగే అడగండ్రి. ప్రైవేటు సంస్థ అయితే దాన్ని అడుగుడు కాకుండ, దాని కాడికెల్లి వార్షిక నివేదిక వచ్చిందా అని కలెక్టరేటునే అడగండ్రి. పదిమంది కన్న తక్కువున్న దుకాణాలు, ఇండ్లల్ల పనిచేసేటోళ్ల కోసం జిల్లాకొక స్థానిక కమిటీ ఉండాలె, దాని పేర్లు గూడ అడగండ్రి. సోమవారం ప్రజావాణిల దరఖాస్తు ఇచ్చి రశీదు తీసుకోవుడు మర్చిపోవద్దు. అన్ని జిల్లాల పిల్లలు ఒకే వారం, ఒకే దరఖాస్తు వేస్తే అప్పుడు మనది ప్రాంతీయ గుంపు అని ఆఫీసులకు సమజైతది. ఎవరికి జవాబు వచ్చింది, ఎవరికి రాలే అన్నది పక్కపక్కన పెట్టి చూస్తే తర్వాతి పని దానంతట అదే దొరుకుతది.

ఇంకొకటి నాకు ఇష్టమైన పని. బట్టల దుకాణంల పొద్దందాక నిలబడి చేసిన కాళ్లు నావి. కేరళల కోజికోడ్ మిఠాయి తెరువుల దుకాణాల ఆడోళ్లు పెణ్‌కూట్టు అని గుంపు కట్టి, ముందు బాత్రూముల కోసం, తర్వాత కూసునే హక్కు కోసం కొట్లాడిండ్రు. 2018ల అక్కడి సర్కారు దుకాణాల చట్టం సవరించింది, 2021ల తమిళనాడు గూడ సవరించింది. మన చౌరస్తాలల్ల ముందు లెక్క తీయండ్రి, ఏ దుకాణంల స్టూలు ఉన్నది, ఏ దుకాణంల బాత్రూముకు తాళం ఉన్నది. గిరాకీ తీరుగ లోపలికి పోయి చూడొచ్చు, చీర కొనాల్సిన పని లేదు.

మీరు నాలుగుసార్లు కలిసిండ్రంటే ఎవరో ఒక పిల్ల మెల్లగ పక్కకు పిలిచి తన సంగతి చెప్తది. అప్పటికి మీరు తయారుగ ఉండాలె. విన్నోళ్లు ఇద్దరే ఉండాలె, ఆ ముచ్చట గుంపులకు పోవద్దు. లైంగిక దాడి అయితే ఆమె ఎవరో తెలిసేటట్టు ఎక్కడ రాసినా నేరం, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 72 సెక్షన్ కింద రెండేండ్ల దాంక జైలు. జస్టిస్ అని పోస్టు పెట్టేటోళ్లకు ఇది గట్టిగ చెప్పండ్రి. ఆమెకు పద్దెనిమిది నిండకపోతే సంగతి వేరే, పోక్సో చట్టం ప్రకారం మీకు తెలిసినంక పోలీసులకు చెప్పాల్సిందే, దాచిపెడితే అది నేరం. అందుకే చిన్న పిల్లలు వచ్చే మీటింగుల మొదట్లనే ఈ మాట చెప్తం, తర్వాత నమ్మకద్రోహం చేసిన్రని ఆ పిల్ల అనుకోవద్దు. పెద్దామె అయితే ఏం చేయాలెనో ఆమెనే తేల్చాలె. 181కు ఫోన్ చేస్తే సఖి కేంద్రానికి కలుపుతరు, ఆడ దవాఖాన, పోలీసు, వకీలు సాయంతోని పాటు కొన్ని రోజులు ఉండేందుకు జాగ గూడ ఉంటది. ఆడోళ్లకు ఆదాయం ఎంతున్నా ఉచిత న్యాయ సహాయం హక్కు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కోర్టు ఆవరణలనే ఉంటది, ఫోన్ 15100. పని జాగల వేధింపు అయితే మూడు నెలల లోపల రాతల ఫిర్యాదు ఇయ్యాలె, కారణం చూపిస్తే ఇంకో మూడు నెలలు పెంచొచ్చు. ఆ తారీఖు మీ నోట్‌బుక్కుల ఉండాలె. మీరు పోయి వాన్ని నిలదీసుడు, కొట్టుడు మాత్రం వద్దు. కేసు మీ మీదికే తిరుగుతది, కోర్టుల కండ్లార చూస్తున్న.

పైసల ముచ్చట తొందరగ చెప్పేస్త. నెలకు ఇరవై రూపాయలు, లేనోళ్లకు లేదు. ఒకామె లెక్క రాస్తది, ఇంకొకామె దగ్గర పైసలుంటయి, మూడు నెలలకు మారుతరు. ఏడుగురుంటే సొసైటీ రిజిస్ట్రేషన్ చేసుకోవచ్చు, తొందరేం లేదు. విదేశీ నిధులు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేకుండ ఎవరిస్తమన్నా తీసుకోవద్దు.

మాట్లాడే వరుస గురించి మాత్రం నిక్కచ్చిగ ఉండాలె. యూనివర్సిటీల పీజీ చేసినోళ్లు, మా అసొంటి వకీళ్లు ఆఖరుకు మాట్లాడాలె. లేకుంటే తండా పిల్ల, బీడీలామె బిడ్డ నోరు తెరువరు, మనం మాట్లాడేది చూసి సంకోచపడ్తరు. లంబాడీల, గోండిల, కోయల చెప్తా అంటే చెప్పనియ్యండ్రి, పక్కనున్నామె తెలుగుల చెప్తది, టైము డబుల్ అయితది, కానియ్యండ్రి. కులం ముచ్చట వచ్చినప్పుడు "మనమంత ఆడోళ్లమే కదా" అని ఎవరన్నా అంటే అక్కడ ఆపి, ఆ మాట అన్నామె ఇంట్ల బయటోళ్లకు నీళ్లు ఏ గ్లాసుల ఇస్తరో అడగండ్రి. గొడవ అయితది. అయినంక గూడ కూసున్నోళ్లే గుంపు. టిఫిన్లు మధ్యల పెట్టుకొని తింటం, ఎవరి డబ్బాల ఏ కూర ఉన్నా వద్దనేది లేదు.

విద్యార్థి సంఘాల అన్నలు వస్తరు. సాయం చేస్తమంటరు, మైకు వాళ్ల చేతుల ఉంటది, మనకు బ్యానర్ పట్టుకునే పని దొరుకుతది. తెలంగాణ సాయుధ పోరాటంల తుపాకి పట్టిన ఆడోళ్లు 1951ల పోరాటం విరమించినంక ఇంటికి పొమ్మంటే ఎట్ల అనిపించిందో 1980లల్ల స్త్రీ శక్తి సంఘటన అనే హైదరాబాద్ ఆడోళ్ల గుంపు వాళ్లు తిరిగి తిరిగి అడిగి రాసిపెట్టిండ్రు. అన్నలతోని కలిసి ధర్నా చేయొచ్చు, తప్పులేదు. మీటింగు మినిట్స్ బుక్కు, లెక్కల పుస్తకం, కలెక్టరుతోని మాట్లాడే కుర్చీ మాత్రం మనకాడనే ఉండాలె.

బతుకమ్మ తొమ్మిది రోజులు వదులుకోవద్దు. ఆఖరి రోజు, సద్దుల నాడు, హన్మకొండ పద్మాక్షి గుట్ట కాడ జనంల మాట వినపడది. నడిమి రోజులల్ల వాడల కలుసుకోండ్రి. ఆ సాయంత్రాలు ఎటు పోతున్నవని ఇంట్ల ఎవరు అడగరు. కూలి రేట్ల మీద, కమిటీ మీద పాట కట్టి ఉయ్యాలో అని పాడితే పెద్దోళ్లు గూడ అందుకుంటరు. భర్త పోయినోళ్లను పక్కకు నిలబెట్టే ఊర్లల్ల ముందు వాళ్లనే చేయి పట్టుకొని లోపలికి తీసుకరండ్రి.

ఆఖరుకు పెండ్లిళ్లు. మన గుంపు నుంచి పిల్లలు ఎక్కువ పోయేది భయంతోని కాదు, పెండ్లితోని. జనగామ పిల్ల జగిత్యాలకు కోడలైతది, ఫోను బంద్ అయితది, గుంపు ఒకర్ని పోగొట్టుకున్న అనుకుంటది. ఎందుకనుకోవాలె? జగిత్యాలల మనకొక మనిషి దొరికింది. అందుకే ఏ పనైనా ఇద్దరికి తెలిసి ఉండాలె, ఒకరు పోయినా ఆగొద్దు. పెండ్లికి ముందే ఆమెకు ఆ జిల్లాల మనోళ్ల నంబరు కాయితం మీద రాసియ్యండ్రి, ఫోన్ల పెట్టుకుంటే అది ఎవరి చేతుల ఉంటదో తెల్వదు. నెల రెండు నెలలైనంక ఆ జిల్లా పిల్లలే ఇద్దరు ఆమె అత్తగారింటికి పోవాలె. పండ్లు పట్టుకపోండ్రి. అత్తతోని ముందు మాట్లాడండ్రి, ఆమెకు పింఛను వస్తున్నదా, బీడీల పీఎఫ్ ఉన్నదా అని అడగండ్రి. మొదటిసారి పోయినప్పుడు సంఘం ముచ్చట ఎత్తొద్దు.